పైకప్పుకి కింది ముఖం

పోయిన వారం యాసెంకా మ్రాకొవ్‌చిచ్‌ని ఆమె బల్ల ముందు, రెండు అంకెల మధ్య వదిలి వచ్చాం. ద్రగోవిత్సా రేవులో పడవ కోసం నిలబడేవాళ్ళకి కొత్తగా ఒక పైకప్పు వేశారు. దాని మీద గాలి ఎంత బలంగా పనిచేస్తుందో లెక్కగట్టడం రియెకా నగరంలో ఆమె పనిచేసే చిన్న ఆఫీసుకి వచ్చిన పని. గాలి వీచే ఒక్కో దిక్కుకీ కంప్యూటర్లో ఒక్కో సిమ్యులేషన్. వాటన్నిట్లోంచీ పైకప్పు మీది ఒత్తిడిని ఒకే ఊపున బయటికి తీసి, ఫైళ్ళుగా పేర్చిపెట్టే స్క్రిప్టు ఆమె భర్త జ్వానె రాసింది. జ్వానె చలికాలంలో పోయాడు. స్క్రిప్టు పనిచేస్తూనే ఉంది. గురువారం సాయంత్రం, నివేదిక అట్ట మీదికి ఒక మంచి బొమ్మ కావాలని, యాసెంకా ఒక్క సిమ్యులేషన్‌ని మాత్రం స్క్రిప్టు లేకుండా తన చేత్తో తెరిచింది. ఈశాన్యం నుంచి కొండ మీదుగా దిగి వచ్చే బూరా గాలిది అది. చేత్తో తీస్తే, ఆ గాలి పైకప్పుని పైకెత్తే బలం స్క్రిప్టు చెప్పినదానికి దాదాపు రెండింతలు తేలింది.

ఒకే గాలి, ఒకే పైకప్పు, రెండు జవాబులు.

శుక్రవారం పొద్దున ఆఫీసు తలుపు తాళం తీసింది ఆమే. కోటు విప్పకుండానే కుర్చీలో కూర్చుంది. రాత్రి నిద్ర పట్టేదాకా తనకి తాను చెప్పుకున్నది ఒకటే మాట. తప్పు నాదే అయివుంటుంది, ఎక్కడో ఒక గడి నొక్కడం మరిచిపోయి ఉంటాను. అలా అయితే ఎంత బాగుండు.

ఫైలు నింపాదిగా తెరుచుకుంది. ఆమె వేళ్ళు బల్ల మీద తాళం వేస్తూనే ఉన్నాయి. తీరా తెరుచుకున్నాక, లైసెన్సు వేరే చోట వాడకంలో ఉందంటూ స్క్రీన్ బూడిదరంగుకి తిరిగింది. ఆఫీసంతటికీ ఉన్నది ఒకే లైసెన్సు. ముందు ఎవరు పట్టుకుంటే వాళ్ళది.

డోరియన్ అప్పుడే మెట్లెక్కి వచ్చాడు, చేతిలో రొట్టెల సంచీతో. కట్టడాల నమూనాలు కంప్యూటర్లో గీసేది అతనే. యాసెంకా పెళ్ళిలో సాక్షిగా నిలబడ్డప్పటినుంచీ ఆమెని "కూమా" అని తప్ప ఇంకోలా పిలవలేదు.

"డోరియన్, నీ మెషీన్ నిన్న రాత్రినుంచీ లైసెన్సు పట్టుక్కూచుంది. వదిలించు."

"పలకరింపు కూడా లేదా కూమా? మనిషి రొట్టె తెచ్చాడు, వేడిగా ఉంది."

"ముందు వదిలించు."

"వదిలిస్తున్నా, వదిలిస్తున్నా. మా అమ్మ కూడా ఇంతే, గడప దాటేలోపే పని చెప్తుంది."

లైసెన్సు దొరికింది. ఫైలు మళ్ళీ తెరిచింది. సగం దాకా వచ్చి సాఫ్ట్‌వేర్ తనంతట తనే మూసుకుపోయింది. క్షమించమని కూడా అడగలేదు. మూడోసారి తెరుచుకుంది. యాసెంకా ఒక్కో గడినీ వేలు పెట్టి చూసుకుంటూ నొక్కింది. పైకప్పు, స్తంభాలు, సముద్రం వైపు గాజు గోడ. అన్నీ తీసుకో అంది. అంకె వచ్చింది.

నిన్నటిదే.

స్క్రిప్టుని అదే సిమ్యులేషన్ మీదికి తోలింది. అది చకచకా పరుగెత్తి, దాని అంకె అది తెచ్చి పడేసింది. దాదాపు సగం.

"ఇంకా ఆ గొడవేనా?" డోరియన్ రొట్టె నములుతూ ఆమె వెనక నిలబడ్డాడు. "రెండిట్లో నీకేది ముద్దొస్తే అది రాసెయ్. రిపోర్టు చదివే కమిటీవాళ్ళు అంకెలు చూస్తారా? రంగులు చూస్తారు. ఎరుపు తక్కువుంటే సంతోషిస్తారు."

"నవ్వు రావట్లేదు."

"జ్వానె అయితే నవ్వేవాడు."

ఆఫీసులో అందరికీ ఇది అలవాటైపోయింది. ఆమె నోరు మూయించాలంటే జ్వానె పేరెత్తితే చాలు. కొక్కేనికి ఆయన వానకోటు ఇప్పటికీ వేలాడుతోంది. ఎవరూ తియ్యరు, ఎవరూ ముట్టుకోరు. దాన్ని తప్పించుకోవడానికి ఒళ్ళు పక్కకి వంచి మరీ నడుస్తారు. ఆయన స్క్రిప్టూ అంతే. దాన్ని నడిపిస్తారు కానీ లోపలికి తొంగిచూడరు. జ్వానె రాసినదాంట్లో తప్పుండదు అనేది ఆ ఆఫీసుకి నాలుగు గోడల్లాంటిది. ఆ మాటని మొదట అన్నదెవరో కూడా ఎవరికీ గుర్తులేదు.

యజమాని లీవియొ సుపెరీనా వచ్చేసరికి ఆమె రెండు బొమ్మల్నీ పక్కపక్కన పెట్టి కూర్చుంది. లీవియొకి అరవై దాటాయి. నున్నగా గీసిన గడ్డం, చంకలో పేపరు.

"రిపోర్టు మరెండా లోపు పోవాలమ్మాయ్. రేపు రిబ్బన్ కత్తిరింపు. మేయరు రెండుసార్లు ఫోన్ చేశాడు."

పదింటికి అందరూ పని ఆపి తినే తిండి మరెండా. శుక్రవారమైతే కింది హోటల్ నుంచి వేపిన చిన్నచేపలు, బంగాళాదుంపలు కలిపిన ఆకుకూర వస్తాయి. మరెండా దగ్గర చెడ్డ కబురు చెప్పకూడదన్నది లీవియొ పెట్టిన నియమం. మరెండా తరవాత ఆయనకి కునుకు వస్తుంది కాబట్టి, చెడ్డ కబురుకి ఆ ఆఫీసులో ఉన్న సమయం చాలా తక్కువ.

"అంకెలు కలవట్లేదు లీవియొ గారూ."

"నిన్నా అదే చెప్పావు. చేత్తో చేసినప్పుడు ఎక్కడో పొరపడ్డావు. నువ్వు అలిసిపోయావమ్మా. అది అందరికీ అర్థమవుతుంది."

"మళ్ళీ చేశాను. అలిసిపోకుండా చేశాను."

"అయితే స్క్రిప్టుదే నిజం. అది జ్వానెది." ఆయన తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

అప్పుడు కోపం వచ్చింది యాసెంకాకి. లీవియొ మీద వచ్చిందో, జ్వానె మీద వచ్చిందో, లైసెన్సు మీద వచ్చిందో తెలియదు. కోపంతో మౌస్‌ని ఒక్క విసురు విసిరింది. స్క్రీన్ మీది పైకప్పు గిర్రున తిరిగి, వెల్లకిలా పడింది.

ఆఫీసులో బొమ్మలన్నీ ఎప్పుడూ ఒకే చోటినుంచి తీస్తారు. సముద్రం వైపు నుంచి, కొంచెం ఎత్తులోంచి, కొంగ చూసినట్టు. అన్ని దిక్కుల బొమ్మలూ ఒకదానితో ఒకటి సరిపోవాలని లీవియొ పెట్టిన పద్ధతి అది. అందువల్ల ఈ పైకప్పుని ఇన్నాళ్ళలో ఒక్కరూ కిందనుంచి చూడలేదు.

వెల్లకిలా పడ్డది స్క్రిప్టు తీసిన బొమ్మ. కింద చెక్క పలకలు ఉండాలి. లేవు. పలకలుండాల్సిన చోటు ఖాళీ, ఆ ఖాళీలోంచి పై రేకు లోపలివైపు కనబడుతోంది, అస్తరు లేని కోటుని తిరగేసినట్టు.

రెండో బొమ్మని, తను చేత్తో తీసినదాన్ని, మెల్లగా తిప్పింది. పలకలున్నాయి. ఆ చివరినుంచి ఈ చివరికి ఎర్రగా ఉన్నాయి.

"డోరియన్."

"ఊఁ."

"ఇలా రా. రొట్టె అక్కడ పెట్టి రా."

అతను వచ్చాడు. చూశాడు. ఆ మనిషి మొహంలో హాస్యం పోవడం ఆమె జ్వానె అంత్యక్రియలప్పుడు ఒక్కసారే చూసింది.

"పలకలు నేనే గీశాను కూమా," అన్నాడు. "వసంతంలో. రేకు పశువులపాకలా ఉందని మేయరు అన్నాడంట, కింద చెక్క వెయ్యమన్నారు. అంతకుముందు పైకప్పంటే ఒక్క రేకే. లెక్కలో ఒక్క ముఖం, దాంట్లోనే పైనా కిందా అన్నీ వచ్చేవి. పలకలు వేశాక ముఖాలు రెండయ్యాయి. పైది పైదే, కిందిది కిందిదే."

"స్క్రిప్టుకి ఆ సంగతి చెప్పావా?"

"స్క్రిప్టుకి చెప్పడమేంటి? మొదటి సిమ్యులేషన్లో ఏ ముఖాలున్నాయో చూసుకుని, మిగతా అన్నిట్లోనూ అవే తెస్తుందది. మొదటిది పలకలకి ముందుదే కదా, అలాగే..." మాట మధ్యలో ఆపేశాడు.

ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. సముద్రం వైపు గాజు గోడ దక్షిణపు వానని ఆపడానికి పెట్టింది. బూరా వచ్చేది అటునుంచి కాదు, కొండ వైపు నుంచి. పైకప్పు కిందికి దూరి, గాజు గోడకి తగిలి, వెళ్ళే దారి లేక, గోనెసంచి ఉబ్బినట్టు పైకి ఉబ్బుతుంది. పలకల్ని ఎత్తేది ఆ గాలే. ఆ గాలిని లెక్కలోంచి వదిలేసి ఎత్తే బలం ఇంత అని చెప్పారు. చెప్పిన అంకెని బట్టి స్తంభాల కింద బోల్టులు బిగించారు. ఆ పైకప్పు ఇప్పుడు రేవులో నిలబడి ఉంది.

యాసెంకా లేచి లీవియొ తలుపు తట్టకుండానే తీసింది.

"మీరొకసారి రావాలి."

"మరెండా వస్తోంది..."

"ఇప్పుడే రావాలి."

లీవియొ వచ్చి రెండు బొమ్మలూ చూశాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూశాడు. అర్థం కాని మనిషి కాదాయన. ఒకప్పుడు ఓడల అడుగుభాగాలు గీసినవాడు.

"ఇది స్క్రిప్టులో లోపం," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "అమ్మాయ్, నే చెప్పేది విను. స్క్రిప్టు జ్వానెది. పద్ధతి ఇదీ అని రాసిన కాగితం కింద ఇప్పటికీ ఆయన సంతకమే ఉంది. ఇది బయటికి పొక్కితే ముందు ఎవరి పేరు వస్తుంది? ఆయన వచ్చి జవాబు చెప్పుకోలేడు. ఆయన మీద మట్టి ఇంకా ఆరలేదు. ఆ పని నువ్వే చేస్తావా?"

యాసెంకాకి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. లీవియొ దాన్ని కపటంతో అనలేదు, అదే ఆమెకి మరీ కష్టంగా ఉంది. జ్వానె శవపేటికకి ముందువైపు భుజం పట్టింది ఆయనే. కొండ మీది శ్మశానం దాకా భుజం మార్చుకోలేదు.

ఆమె మళ్ళీ తన కుర్చీలో కూర్చుంది. జ్వానె పోయాక ఆయన చొక్కాలు మడతపెట్టి చర్చికి ఇచ్చేసింది. చెప్పులు ఇచ్చేసింది. ఫోన్లో ఆయన గొంతుతో ఉన్న కబుర్లు కూడా ఒకరోజు కూర్చుని వినగలిగింది. స్క్రిప్టుని మాత్రం తెరవలేకపోయింది. బొత్తాం నొక్కి నడిపించేది, అంతే. లోపల ఆయన మామూలుగా మాట్లాడుతూ ఉంటాడని తెలుసు. రాసే ప్రతి స్క్రిప్టులోనూ, మెషీన్ పట్టించుకోని వరుసల్లో, చదివేవాళ్ళ కోసం ఏదో ఒకటి వాగుతూ ఉండడం ఆయనకి అలవాటు.

తెరిచింది.

మొదటి వరుసలోనే ఉన్నాడు. "ఖాళీ కడుపుతో ఇక్కడ ఏదీ మార్చకండి."

డోరియన్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. యాసెంకా కిందికి జరుపుకుంటూ వెళ్ళింది. ఫైళ్ళు తెరిచే చోటు. మొదటి సిమ్యులేషన్ ముఖాల్ని గుర్తుపెట్టుకునే చోటు. ఆ తరవాత కొన్ని వరుసలు బూడిదరంగులో ఉన్నాయి. ప్రతి వరుస మొదట్లో ఒక గుర్తు పెట్టి, మెషీన్ వాటిని దాటిపోయేలా ఎవరో మూసేశారు. మూసినా చదవడానికి అడ్డేమీ లేదు. ఏ సిమ్యులేషన్లోనైనా మొదటిదాంట్లో లేని ముఖం కనబడితే పని అక్కడే ఆపెయ్యమని చెప్తున్నాయవి. ఆపి, స్క్రీన్ మీద చూపించాల్సిన మాట కూడా ఉంది, జ్వానె సొంతూరి యాసలో.

"ఆగబ్బా. మొదటిదాంట్లో లేని మొగం ఒకటి ఈడుంది. కిందనుంచి సూసినావా?"

ఆమె దాన్ని పైకి చదవలేదు. చదివితే ఆయన గొంతు వస్తుంది.

"దీన్ని ఎవరు మూశారు?" అని అడిగింది.

డోరియన్ నేలని చూశాడు. కింద హోటల్లో పళ్ళాల చప్పుడు వినబడుతోంది.

"నేనే," అన్నాడు లీవియొ. "వసంతంలో. అది ప్రతిసారీ ఆగిపోయేది. వారమంతా ఆగిపోయింది. నువ్వు సెలవులో ఉన్నావు. ఒకసారి తోలితే ఐదో సిమ్యులేషన్ దగ్గర ఆగేది, మళ్ళీ తోలితే మళ్ళీ అక్కడే ఆగేది. స్టీలువాళ్ళు బోల్టుల కొలతలకోసం మీదపడి చంపేస్తున్నారు. ఏం చెయ్యమంటావు?"

"ఎందుకు ఆగిందో రాసే ఉంది కదా. చదవలేదా?"

"చదివాను."

"చదివి?"

"జోకనుకున్నాను." లీవియొ రెండు చేతులూ చాచాడు. "ఆయన ప్రతిచోటా ఏదో ఒకటి రాస్తాడు కదా! ప్రింటర్ మీద రాశాడు, కాఫీ డబ్బా మీద రాశాడు. బాత్రూంలో ఇప్పటికీ ఉంది. ఇదీ అలాంటిదే అనుకున్నాను. ఆ రెండు మాటలూ చదివి నవ్వుకున్నాను కూడా. మనిషి పోయినా మనల్ని ఆటపట్టిస్తున్నాడని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను యాసెంకా, దేవుడి మీదొట్టు. తరవాత మూసేశాను."

అబద్ధం కాదని ఆమెకి తెలుసు. అందుకే ఇంకా విసుగొచ్చింది. ఇంతమంది ఆయన్ని ఇంత ప్రేమించి, ఆయన సూటిగా చెప్పిన ఒక్క మాటని ఒక్కరూ వినలేదు. సెలవు ముగించుకుని వచ్చాక తనూ బొత్తాం నొక్కుతూ కూర్చుంది.

"సంతకం ఆయనది," అంది మెల్లగా. "ఆపమన్నదీ ఆయనే."

"ఒప్పుకుంటున్నాను. ఎవరు కాదన్నారు? సోమవారం పొద్దున నేనే ఫోన్ చేస్తాను. నేనే చెప్తాను, నా నోటితో. రేపొక్కరోజు పోనీ. పిల్లల బ్యాండు, పాటగాళ్ళు, పక్క దీవులనుంచి జనం. ఇప్పుడు ఆపమంటే మన తలుపుకి తాళమే. డోరియన్‌కి ఇద్దరు పిల్లలు. బూరా సోమవారం దాకా లేదని వార్తల్లో చెప్పారు."

"బూరా వార్తలు వింటుందా లీవియొ గారూ?"

డోరియన్ కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. అక్కడినుంచి ఓడరేవు క్రేన్లు, వాటి వెనక సముద్రం, చాలా దూరంలో దక్షిణంగా కొండల వరుస కనబడతాయి.

"కూమా," అన్నాడు, వెనక్కి తిరగకుండా. "కొండ టోపీ పెట్టుకుంది."

ఆ కొండల మీద తెల్లటి మబ్బు దుప్పటిలా పరుచుకుంటే బూరా దిగబోతోందని ఆ తీరంలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. లీవియొ కూడా కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఆ తరవాత సోమవారం మాట ఎత్తలేదు. కానీ ఆమె ఫోన్ అందుకోగానే ఆయన చెయ్యి దాని మీద పడింది.

"ఒక్కసారి ఆలోచించు. ఒకసారి చెప్పాక వెనక్కి తీసుకోలేం."

"చెయ్యి తియ్యండి."

"యాసెంకా..."

"ఆయన్ని మోసిన చెయ్యి అది. బలవంతంగా తీయించకండి నా చేత."

లీవియొ చెయ్యి తీశాడు. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు, జేబులో పెట్టుకున్నాడు.

ద్రగోవిత్సా రేవు అధికారి పేరు నివెస్ తొమ్ల్యానొవిచ్. ఓడ హారన్‌తో పోటీపడే గొంతు ఆమెది. ఫోన్ చాలాసేపు మోగింది. ఎత్తగానే ముందు వినబడింది మాట కాదు, ఏదో పెద్ద సీసా మూతి దగ్గర ఊదుతున్నట్టు ఒక హోరు. ఆ హోరులో ఎక్కడో బాకాల శబ్దం.

"ఎవరూ? గట్టిగా చెప్పండి, ఏం వినబడట్లేదు!"

"నేను యాసెంకాని, రియెకా నుంచి. గాలి లెక్కల ఆఫీసు."

"ఆఁ, అమ్మా! మంచి టైముకే చేశావు. మీ పైకప్పు పాట పాడుతోంది, వింటున్నావా? ఇందాకటినుంచీ పలకలు ఒకటే ఝంకారం. మావాళ్ళంతా నవ్వుతున్నారు, బ్యాండుకి డబ్బులు దండగ, ఇదే వాయించుకుంటుందని!"

"నివెస్ గారూ, గాలి ఎటునుంచి?"

"ఎటునుంచేంటమ్మా, కొండ మీంచే. ఇందాకే మొదలైంది, చెప్పా పెట్టకుండా. పడవ కూడా ఆపేశారు."

యాసెంకా రిసీవర్ని రెండు చేతులతో పట్టుకుంది. బొమ్మలో పలకలు ఇంకా ఆ చివరినుంచి ఈ చివరికి ఎర్రగానే ఉన్నాయి.

"పైకప్పు కింద ఇప్పుడు ఎవరెవరున్నారు?"

"అందరమూనూ!" అంది నివెస్ హుషారుగా. "రిహార్సల్‌కి వచ్చిన బడిపిల్లలు, టీచర్లు, పడవ ఆగిపోయినవాళ్ళు, అందరం దీని కిందే దూరాం. ఇంత గాలిలో రేవు మొత్తానికి తలదాచుకునే చోటు ఇదొక్కటేగా!"